ఇల్లు సన్నీవేల్‌లో, మేము హైదరాబాద్‌లో: పాత ఐక్లర్ ఇంటి పని ఇక్కణ్ణించి చేయించగలమా?

ప్రశ్న: నమస్తే అక్కా. 2014లో కాలిఫోర్నియా సన్నీవేల్‌లో ఒక ఐక్లర్ ఇల్లు, అంటే జోసెఫ్ ఐక్లర్ అనే ఆయన కట్టించిన రకం ఇల్లు, కొనుక్కున్నాం. 1961లో కట్టింది, మధ్యలో ఆకాశం కనపడే ఏట్రియం ఉంటుంది. అత్తయ్యగారి ఆరోగ్యం కోసం 2021లో హైదరాబాద్ వచ్చేశాం, ఇల్లు అద్దెకిచ్చాం. పోయిన నెల, జులైలో, వాళ్ళు ఖాళీ చేశారు. వచ్చే జూన్‌కి మేం మళ్ళీ వెళ్ళిపోవాలి, పాప తొమ్మిదో తరగతికి వస్తుంది. ఒక కాంట్రాక్టర్ ఇల్లు చూసి వీడియో కాల్‌లో మాట్లాడాడు. గోడల చెక్క పీకేసి డ్రైవాల్ (జిప్సం బోర్డు) కొడతా, ఫాల్స్ సీలింగ్ వేసి లైట్లు దించుతా, ఏట్రియం మూసేసి ఇంకో గది చేస్తా, మూడు నెలల్లో తాళాలిస్తా అంటున్నాడు, 40 శాతం అడ్వాన్స్ అడుగుతున్నాడు. మిల్పీటస్‌లో ఉన్న మా పెద్దమ్మగారబ్బాయి దగ్గరుండి చూసుకుంటానంటున్నాడు. మా ఆయన సరే అనేద్దాం అంటున్నారు, నాకు మాత్రం మనసొప్పట్లేదు. ఏం చెయ్యమంటారు?

సమాధానం:

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను, ఏమనుకోకు. మిగతాదంతా తర్వాత, ముందు ఆ అడ్వాన్స్ మాత్రం కట్టొద్దు, మీ ఆయనకి ఇవాళే చెప్పు. కాలిఫోర్నియాలో ఇంటి పనికి కాంట్రాక్టర్ మొదట తీసుకోగలిగేది కాంట్రాక్ట్ మొత్తంలో 10 శాతం లేదా 1000 డాలర్లు, రెండిట్లో ఏది తక్కువైతే అది. అది చట్టం. రాష్ట్ర కాంట్రాక్టర్ల లైసెన్స్ బోర్డు దగ్గర ప్రత్యేకంగా బాండ్, అంటే పూచీ పత్రం, పెట్టుకున్న కొద్దిమందికి మాత్రం మినహాయింపు ఉంది. నీ ఇంటి పనికి ఎలా లెక్కేసినా అది 1000 డాలర్లే అవుతుంది. ఆ తర్వాత కూడా చేసిన పనికి మించి డబ్బు అడక్కూడదు. 40 శాతం అడిగిన మనిషికి ఆ రూల్ తెలీదన్నా భయమే, తెలిసే అడిగాడన్నా భయమే. అతని లైసెన్స్ నంబర్ అడుగు, ఆ బోర్డు వెబ్‌సైట్‌లో కొట్టి చూడు, లైసెన్స్ నడుస్తోందా, బాండ్ ఉందా, పనివాళ్ళకి దెబ్బ తగిలితే ఇచ్చే ఇన్సూరెన్స్ ఉందా అన్నీ అక్కడే కనపడతాయి, అయిదు నిమిషాల పని, హైదరాబాద్‌లో కూర్చుని చేసుకోవచ్చు.

నీకు మనసొప్పట్లేదన్నావు చూడు, ఆ మనసు కరెక్టుగానే చెప్తోంది. నాదీ ఐక్లర్ ఇల్లే, కూపర్టినోలో. 2016లో మా నాన్నగారికి పక్షవాతం వచ్చి నేను రాజమండ్రిలో పధ్నాలుగు నెలలు ఉండిపోయాను, ఆ టైమ్‌లోనే ఇక్కడ ఇంటి పని నడిచింది, హాస్పిటల్ వరండాలో నిలబడి ఫోన్‌లో టైల్స్ సెలెక్ట్ చేసిన రోజులున్నాయి. కాబట్టి చేయించగలమా అంటే చేయించగలం, నేను చేయించాను. కానీ నీ కాంట్రాక్టర్ చెప్పిన పద్ధతిలో మాత్రం కాదు, మూడు నెలల్లో అసలే కాదు.

ఎందుకో చెప్పాలంటే ముందు ఆ ఇల్లు ఎలా కట్టారో తెలియాలి, ఏడేళ్ళు ఉన్నావు కాబట్టి కొంత తెలిసే ఉంటుంది కానీ మీ ఆయనకి కూడా చదివి వినిపించు. జోసెఫ్ ఐక్లర్ అసలు బిల్డరే కాదు, వెన్న, గుడ్ల వ్యాపారం చేసే కుటుంబం కంపెనీలో పనిచేసినాయన, 1940లలో హిల్స్‌బరోలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన ఒక ఇంట్లో అద్దెకుండి ఆ వెలుతురుకి, ఆ చెక్కకి పడిపోయాడు. మామూలు ఉద్యోగస్తులకి కూడా అలాంటి ఇళ్ళు కట్టివ్వాలని మంచి ఆర్కిటెక్టులని పెట్టుకుని 1974లో పోయేదాకా కాలిఫోర్నియాలో దాదాపు 11 వేల ఇళ్ళు కట్టాడు, ఒక్క సన్నీవేల్‌లోనే వెయ్యికి పైగా ఉన్నాయి. ఇంకో సంగతి, ఆ రోజుల్లో చాలామంది బిల్డర్లు తెల్లవాళ్ళకి తప్ప ఇళ్ళు అమ్మేవాళ్ళు కాదు, ఈయన ఎవరొచ్చినా అమ్మాడు, 1958లో బిల్డర్ల జాతీయ సంఘం వివక్షకి వ్యతిరేకంగా నిలబడలేదని అందులోంచి రాజీనామా చేసి బయటికొచ్చేశాడు. మనలాంటి వాళ్ళం ఇవాళ ఆ వీధుల్లో ఉంటున్నామంటే నాకు ఈ విషయం గుర్తొస్తూనే ఉంటుంది, ఆ ఇంటిని జాగ్రత్తగా చూసుకోవాలనిపించడానికి అదీ ఒక కారణం.

సరే, కట్టుబడి సంగతి. మనూళ్ళో స్లాబ్ అంటే పైకప్పు, అక్కడ స్లాబ్ అంటే నేల. భూమ్మీద నేరుగా సిమెంట్ నేల పోసేస్తారు, కింద పాకే జాగా ఉండదు. దాని మీద స్తంభాలు, వాటి మీద దూలాలు, దూలాల మీద చెక్క పలకలు, ఆ పలకల మీద నేరుగా రూఫ్. నువ్వు మంచం మీద పడుకుని పైకి చూస్తే కనపడే చెక్కే రూఫ్‌కి అడుగుభాగం, మధ్యలో అటక లేదు. మామూలు అమెరికన్ ఇంట్లో అయితే అటకలోనో, నేల కిందో వైర్లు, పైపులు, డక్టులు ఎటు కావాలంటే అటు లాగేస్తారు, తప్పయితే మళ్ళీ పాకి వెళ్ళి సరిచేస్తారు. ఇక్కడ దాచే చోటే లేదు. డ్రైనేజీ, నీళ్ళ పైపులు, ఇల్లు వెచ్చబెట్టే పైపులు అన్నీ సిమెంట్‌లోనో దాని కిందో, పాత కరెంటు వైర్లు చాలావరకు రూఫ్ చెక్కల మీద. అంటే ఏ లైటు ఎక్కడ, ఏసీ పైపు ఎటుపోవాలి, చిమ్నీ ఎక్కడ, రేప్పొద్దున సోలార్ పెడతామా, ఇదంతా రూఫ్ మూసేలోపు తేలిపోవాలి. మూసేశాక "అయ్యో ఇక్కడ ఒక పాయింట్ కావాలే" అనుకుంటే కొత్త రూఫ్‌కి కన్నం పెట్టాలి. ఎదురుగా ఉన్నవాళ్ళకే ఇది కష్టం, పన్నెండున్నర గంటల తేడాలో ఉన్నవాళ్ళకి పని జరుగుతుంటే నిర్ణయాలు తీసుకోవడం కుదరనే కుదరదు. నేను చెప్పదల్చుకున్నది ప్రధానంగా ఇదే, ముందు అంతా కాగితం మీద తేల్చుకో, ఆ తర్వాతే సుత్తి పట్టుకోనివ్వు.

ఇప్పుడు ఆ కాంట్రాక్టర్ చెప్పిన మూడిటి సంగతి. ఫాల్స్ సీలింగ్ వద్దే వద్దు. లోపలికి దిగే లైట్లు పెట్టడానికి పైన జాగా లేదు కాబట్టి ఫాల్స్ సీలింగ్ అంటున్నాడు, అది వేస్తే దూలాలు కనపడవు, ఎత్తు తగ్గుతుంది, పైన గాజులోంచి వచ్చే వెలుతురు ఆగిపోతుంది, అంటే నువ్వు ఏది చూసి కొనుక్కున్నావో అదే పోతుంది. దాని బదులు దూలాల పక్కన సన్నటి ట్రాక్ లైట్లు, పాత గుండ్రటి గ్లోబు లైట్లు ఉంటే అవి, గోడ లైట్లు, ఇవి చాలు. గోడల చెక్క గురించి, అది ఫిలిప్పీన్ మహాగని అని పిలిచే లువాన్, చాలా పల్చటి పొర, పీకేశాక మళ్ళీ అలాంటిది దొరకడం కష్టం. నల్లబడితే, గీతలు పడితే కంగారు పడకు, మెల్లగా తుడిచి, రంగు కలిసేలా పాలిష్ చేసేవాళ్ళు ఉన్నారు. మెషిన్‌తో మాత్రం రుద్దనివ్వకు, పైపొర ఒక్క నిమిషంలో పోయి కింద ప్లైవుడ్ కనపడిపోతుంది. అన్ని గోడలూ ఉంచుకోమని అనను. మా ఇంట్లో రెండు గదుల్లో చెదలు పట్టి, తడిసి పాడైపోయినవి తీసేసి డ్రైవాల్ పెట్టించాను, అందులో బాగున్న పలకల్ని దాచి హాల్లో ముక్కలు పోయిన చోట అతికించారు. పీకే ముందు ఏ గోడది ఏ పలకో వెనక నంబరు వేయించు.

ఏట్రియం దగ్గరకొస్తే నాకు కొంచెం కోపమే వచ్చింది. మా అమ్మమ్మ వాళ్ళది మండువా ఇల్లు, మధ్యలో వాన పడేది, చుట్టూ వసారాలో కూర్చుని చూసేవాళ్ళం, కూపర్టినోలో ఆ ఇంటి తలుపు తీసి ఏట్రియం చూసిన రోజు ఇంకో ఇల్లు చూడబుద్ధి కాలేదు. నా ఇష్టం పక్కన పెట్టి చూసినా అది మూయడం మామూలు సంగతి కాదు. ఏట్రియం వైపు తెరుచుకునే బెడ్‌రూమ్ ఉంటే దానికి గాలి, వెలుతురు, మంటలొస్తే బయటపడే దారి అక్కణ్ణించే, మూసేస్తే ఆ గదికి అవి వేరే చూపించాలి, లేకపోతే సిటీ పర్మిట్ ఇవ్వదు. కాంట్రాక్టర్ పర్మిట్ మాట ఎత్తాడా? నువ్వు రాసినదాంట్లో ఎక్కడా లేదు. సన్నీవేల్‌కి ఐక్లర్ ఇళ్ళ కోసమే విడిగా డిజైన్ గైడ్‌లైన్స్ ఉన్నాయి, వీధిలోంచి కనపడే మార్పులకి అవి చూస్తారు, కొన్ని వీధుల్లో రెండో అంతస్తు కట్టకూడదని కూడా ఉంది. సిటీ ప్లానింగ్ వాళ్ళకి అడ్రస్ ఇచ్చి ఈమెయిల్ పెట్టు, నీ ఇంటికి ఏ రూల్స్ వర్తిస్తాయో వాళ్ళే చెప్తారు.

ఇంకా ఏట్రియం అన్నప్పుడే చెప్పాలి, అందులో నీళ్ళు పోయే కాలువ మూత ఒకటి ఉంటుంది, మన మండువా గుంటకి తూము ఉన్నట్టు. ఇల్లు ఖాళీగా ఉంది, ఆకులు పడుతుంటాయి, అక్టోబర్ చివర్లోనో నవంబర్‌లోనో మొదటి గట్టి వాన పడిందంటే ఆ కన్నం మూసుకుపోయి నీళ్ళు గాజు తలుపుల కిందనుంచి ఇంట్లోకి వచ్చేస్తాయి, నేల భూమికి సమానంగానే ఉంటుంది కదా. సెప్టెంబర్ అయ్యేలోపు ఎవరినైనా పంపి ఆ మూత తీసి, లోపల ట్యూబుతో నీళ్ళు వదిలి వీధిలోకి పోతున్నాయో లేదో చూడమను. ఇంటి పని మొదలుపెట్టినా పెట్టకపోయినా ఇది చెయ్యాల్సిందే.

ఇప్పుడు నాకు జరిగింది చెప్తాను, నీకు పనికొస్తుంది. ఈ ఇళ్ళల్లో సిమెంట్ నేలలో పైపులుండి వాటిలో వేడినీళ్ళు తిరుగుతాయి కదా, మా ఇంట్లో అవి బాగానే పనిచేసేవి, పైపులు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టించకుండానే ఫ్లోరింగ్ వాళ్ళని లోపలికి పంపాం. గోడ వారగా పట్టీ కొట్టడానికి సిమెంట్‌లోకి మేకులు దింపారు, అందులో ఒకటి సరిగ్గా పైపులోకి దిగింది. అప్పుడేమీ తెలీలేదు, మేకు కన్నాన్ని మేకే మూసి ఉంచింది. రెండు వారాల తర్వాత నాకొచ్చిన ఫోటోలో హాల్లో గోడ మూల దగ్గర అరచేతంత ముదురు మచ్చ, నేను నీడ అనుకున్నాను. నాలుగో రోజు ఫోటోలో ఆ మచ్చ దుప్పటంత అయింది. అక్కడ నేను ఉండి ఉంటే చెప్పుల్లేకుండా ఒక్కసారి నడిస్తే తెలిసిపోయేది, అక్కడొక్కటే వెచ్చగా, తడిగా ఉండేది. మళ్ళీ ఫ్లోరింగ్ తీసి, సిమెంట్ పగలగొట్టి, పైపు అతికించి, ఆరబెట్టి, నెలన్నర పోయింది. కాబట్టి నువ్వు చెయ్యాల్సింది ఏమిటంటే, నేల మీద ఎవరు ఏ మేకు కొట్టకముందే బాయిలర్ ఆన్ చేయించి, నేల వేడెక్కాక థర్మల్ కెమెరాతో చూస్తే పైపులు గీతల్లా కనపడతాయి, వాటి వెంబడి నేల మీద టేపు అంటించి, టేపు కొలతతో సహా ఫోటోలు తీయించు, ఆ మ్యాప్ కాంట్రాక్ట్‌కి జత చెయ్యి, "ఈ నేలలో మేకు కొట్టకూడదు, జిగురుతోనే" అని రాయించు. ఇంకొకటి, ఆ పైపులు రాగివా ఇనుపవా తెలుసుకో. కొరియా యుద్ధం రోజుల్లో రాగి దొరక్క 1950ల మొదట్లో కొన్ని ఇళ్ళకి ఇనుపవి వేశారు, అవి ఇప్పటికి తుప్పుపట్టి చాలావరకు పోయాయి. నీది 1961ది కాబట్టి రాగివే అయ్యుండాలి, అయినా బాయిలర్ దగ్గర నేలలోంచి పైకొచ్చే గొట్టాలకి ఫ్రిజ్ అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుంది, అంటుకుంటే ఇనుము. తర్వాత ప్రెషర్ టెస్ట్ చేయించాలి, గాలి నింపి ఒక రోజు ఉంచితే మీటర్ ముల్లు దిగకుండా ఉందా చూస్తారు. నిలబడితే ఆ వేడిని వదులుకోకు, శీతాకాలం పొద్దున్నే పిల్లలు నేల మీద కూర్చుని బూట్లు వేసుకుంటుంటే ఎంత హాయిగా ఉంటుందో నీకు తెలుసు. నిలబడకపోతే గోడకి పెట్టే మినీ స్ప్లిట్ ఏసీలు, వాటి పైపులు మళ్ళీ రూఫ్ మీదుగానే, అందుకే ఈ టెస్ట్ రూఫ్ కంటే ముందు జరగాలి.

టెస్టుల మాట వచ్చింది కాబట్టి మిగతావి కూడా. డ్రైనేజీ పైపులో కెమెరా వేయించు, అరవై ఏళ్ళు దాటిన పైపు స్లాబ్ కింద ఉంది, అందులో చెట్ల వేళ్ళు దూరాయో పగిలిందో కొత్త బాత్రూమ్ కట్టాక తెలిస్తే ఏడుపే. చెదల రిపోర్ట్, ముఖ్యంగా రూఫ్ దాటి బయటికొచ్చిన దూలాల చివర్లు, మట్టికి దగ్గరగా ఉన్న సైడింగ్ (బయట గోడలకి కొట్టిన చెక్క) కింది అంచు, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడమను, మెత్తగా దిగితే కుళ్ళినట్టే. పాత ఫ్లోరింగ్ కింద తొమ్మిది అంగుళాల పలకలు, వాటి కింద నల్ల జిగురు ఉంటే ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ, ల్యాబ్ టెస్ట్ చేయించకుండా ఎవరినీ గోకనివ్వొద్దు. 1978కి ముందు ఇల్లు కాబట్టి పెయింట్‌లో సీసం కూడా ఉండొచ్చు, ఆ పనికి సర్టిఫికెట్ ఉన్నవాళ్ళే చెయ్యాలి. పెద్ద గాజులు పాతవైతే పగిలితే కత్తుల్లా విరుగుతాయి, తలుపుల పక్కనా నేల దాకా ఉన్నవీ మార్చేటప్పుడు సేఫ్టీ గ్లాసే వెయ్యాలి. మెయిన్ ప్యానెల్ 100 ఆంప్స్‌దే అయితే, ఎలక్ట్రిక్ కారు, ఇండక్షన్ స్టవ్ అన్నీ కావాలంటే సరిపోకపోవచ్చు, పెంచడానికి కరెంటు కంపెనీ దగ్గర నెలలు పట్టొచ్చు, అన్నిటికంటే ముందు ఆ అప్లికేషన్ పెట్టించు.

రూఫ్ గురించి ఒక చిన్న సంగతి, ఎవరూ ముందు చెప్పరు. మామూలు ఇళ్ళ రూఫర్లు పొడుగు స్క్రూలు వాడతారు, ఆ ఇళ్ళల్లో మొనలు అటకలో ఎవరికీ కనపడకుండా ఉంటాయి. ఇక్కడ పలక మందం అంగుళంన్నర ఉంటుంది, అది దాటితే మొన నేరుగా నీ హాల్ సీలింగ్‌లోంచి బయటికొస్తుంది. మా వీధిలో ఒక ఇంట్లో చూశాను, సోఫాలో కూర్చుని తల ఎత్తితే చెక్కంతా చుక్కలు చుక్కలుగా స్క్రూ మొనలు, ఒక్కొక్కటి కోసి, పుట్టీ పెట్టి, మొత్తం పెయింట్ వేసుకున్నారు. స్క్రూ పొడవు ఎంతో, పలకలోకి ఎంత దిగాలో కాంట్రాక్ట్‌లో అంకెతో రాయించు. ఐక్లర్ రూఫ్‌లు చేసిన వాళ్ళనే పెట్టుకో, బే ఏరియాలో వాళ్ళు బాగానే ఉన్నారు, ఇదివరకు చేసిన రెండు ఇళ్ళ వాళ్ళతో నువ్వే ఫోన్‌లో మాట్లాడు. చెక్క మీద ఇన్సులేషన్ బోర్డు, దాని మీద పీవీసీ షీటు వేసే పద్ధతి నాకు నచ్చింది, స్ప్రే ఫోమ్ కూడా చాలామంది వేయిస్తారు, ఏదైనా సరే ఎండాకాలం పనే.

వంటింటి చిమ్నీ కూడా ఇప్పుడే తేల్చుకో. ఓపెన్ కిచెన్, పక్కనే హాలు, మనమేమో ఎండుమిర్చి పోపు పెడతాం, చేపల పులుసు పెడతాం, ఆ చెక్క గోడలు వాసన పీల్చుకుంటే ఎన్నాళ్ళయినా వదలదు. గాలి ఫిల్టర్ చేసి మళ్ళీ ఇంట్లోకే వదిలే హుడ్‌లు మనకి సరిపోవు, స్టవ్ మీదనుంచి నిటారుగా రూఫ్ దాటి బయటికి పోయే గొట్టం కావాలి, దూలం అడ్డం రాకుండా స్టవ్ ఎక్కడ పెట్టాలో ముందే కొలవాలి. మా అత్తగారు ఏట్రియంలో ఒక చిన్న గ్యాస్ స్టవ్ పెట్టించుకుని వేపుళ్ళన్నీ అక్కడే చేసేవారు, అదీ బాగానే ఉండేది.

ఇక ఎవరు చూసుకోవాలి అన్నది. మీ అన్నయ్య మంచి మనసుతోనే అని ఉంటాడు, అందులో అనుమానం లేదు. కానీ ఆయనకి ఉద్యోగం, పిల్లలు, మిల్పీటస్ నుంచి ట్రాఫిక్‌లో రావాలి, కాంట్రాక్టర్ "సార్, ఇక్కడ ఇలా చేసేద్దామా" అంటే మొహమాటానికి సరే అంటాడు, రేపు అది నీకు నచ్చకపోతే ఎవర్ని అంటావు, పెద్దమ్మ ఇంటికి పండక్కి ఎలా వెళ్తావు. ఆయన దగ్గర తాళం చెవులు ఉంచు, పోస్టు తెచ్చుకోమను, తలుపు తీయమను, నిర్ణయాలు మాత్రం ఆయన నెత్తిన పెట్టకు. ఆ పని డబ్బిచ్చి ఆర్కిటెక్ట్ చేత చేయించుకో. ఐక్లర్ ఇళ్ళు తెలిసిన ఆర్కిటెక్ట్‌ని పెట్టుకుని, డ్రాయింగ్స్, పర్మిట్‌తో ఆపేయకుండా, పని జరిగినన్ని రోజులూ వారానికోసారి వెళ్ళి చూసి నీకు రాతలో రిపోర్ట్ ఇవ్వాలి అని గంటల లెక్కన మాట్లాడుకో. సిటీలో మీ తరఫున సంతకాలకి ఆథరైజేషన్ లెటర్ ఆయనకే ఇవ్వచ్చు. సిటీ ఇన్‌స్పెక్టర్ వస్తాడు కదా అనుకోకు, ఆయన కోడ్ ప్రకారం ఉందా లేదా చూస్తాడు, గాడుల సైడింగ్ గీతలు పాతవాటితో కలిశాయా అన్నది ఆయన పని కాదు.

నువ్వు అక్కణ్ణించి చెయ్యాల్సినది కూడా ఉంది. అక్కడ పొద్దున ఎనిమిదింటికి పని మొదలైతే నీకు ఎండాకాలంలో రాత్రి ఎనిమిదిన్నర, నవంబర్‌లో టైమ్ మారాక తొమ్మిదిన్నర, ఆ టైమ్‌కి వారంలో రెండు రోజులు వీడియో కాల్ ఫిక్స్ చేసుకో, పిల్లల అన్నాలు అయిపోయాక నోట్‌బుక్ తీసుకుని కూర్చో. ఫోన్‌లో మాట్లాడుకున్నది ఏదైనా కాల్ అయిన వెంటనే ఈమెయిల్‌లో పెట్టు, "మనం అనుకున్నది ఇది" అని. రూఫ్, గోడలు మూసేముందు ప్రతి అడుగూ టేపు కొలతతో ఫోటోలు తీయాలి, ఆ ఫోటోలు నీకు అందాకే మూయాలి, ఇదీ కాంట్రాక్ట్‌లోనే. నాకు ఈ ఫోటోలు ఇప్పటికీ పనికొస్తున్నాయి, మొన్న కూడా ఒక వైరు ఎటు పోయిందో అందులోనే చూశాను. రంగులు ఫోన్‌లో చూసి ఓకే చెప్పకు, కెమెరా దాని ఇష్టమొచ్చినట్టు మారుస్తుంది. మరీ తప్పనిసరైతే పక్కన తెల్ల కాగితం పట్టుకోమని ఫోటో అడుగు, కాగితం పసుపుగా కనపడితే రంగు కూడా అబద్ధమే. చెక్క పాలిష్ శాంపిల్ ముక్కని మాత్రం కొరియర్‌లో హైదరాబాద్ తెప్పించుకో, వారం పోయినా పర్లేదు.

డబ్బు దగ్గర ఇంకో రెండు మాటలు. అక్కడి చట్టం ప్రకారం నువ్వు మెయిన్ కాంట్రాక్టర్‌కి పూర్తిగా కట్టేసినా, అతను తన కింద చేసిన ప్లంబర్‌కో కలప షాపుకో ఇవ్వకపోతే వాళ్ళు నీ ఇంటి మీద లీన్, అంటే ఆ బాకీ కోసం ఇంటి మీద హక్కు, వెయ్యొచ్చు. దానికి ముందు వాళ్ళు ఇంటి ఓనర్‌కి నోటీసు పంపాలి, ఆ నోటీసు పోస్టులో వస్తుంది, నువ్వేమో హైదరాబాద్‌లో ఉంటావు, అది ఖాళీ ఇంటి డబ్బాలో పడి ఉంటుంది. అందుకే మీ అన్నయ్యని పోస్టు చూడమన్నాను, ప్రతి కవరూ తెరిచి ఫోటో పెట్టమను. ఒక్కో పేమెంట్ కట్టేటప్పుడు కింద పనివాళ్ళందరి దగ్గర్నుంచి లీన్ వదులుకున్నట్టు సంతకం చేసిన కాగితాలు తీసుకునే కట్టు. మొత్తం బడ్జెట్‌లో కనీసం అయిదో వంతు ముట్టుకోకుండా పక్కన పెట్టుకో, ఈ వయసు ఇల్లు తెరిస్తే ఏదో ఒకటి బయటపడుతుంది. అమెరికా బ్యాంక్ ఓటీపీలు వచ్చే ఫోన్ నంబర్ బతికుందో లేదో ఇవాళే చూసుకో, పేమెంట్ రోజు అది పనిచెయ్యక నేను పడ్డ అవస్థ నీకొద్దు. ఇన్సూరెన్స్ కంపెనీకి ఇల్లు ఖాళీ అయిందనీ, పని మొదలవబోతోందనీ చెప్పు. ఇల్లు నెలా రెణ్ణెల్లు ఖాళీగా ఉంటే మామూలు పాలసీలు కొన్ని నష్టాలకి ఇవ్వవు, నీకు జులైలోనే ఖాళీ అయింది, ఆలస్యం చెయ్యకు.

మరి జూన్ సంగతి. నిజం చెప్పాలంటే జూన్‌కి ఈ ఇల్లు తయారవదు. ఇప్పుడు ఆగస్టు, టెస్టులు, ఆర్కిటెక్ట్, డ్రాయింగ్స్ అయ్యేసరికి నవంబర్, పర్మిట్ శీతాకాలమంతా పట్టొచ్చు, అవి వానల రోజులు కాబట్టి రూఫ్ విప్పకూడదు కూడా. ఏప్రిల్‌లో వానలు తగ్గాక రూఫ్, తర్వాత గాజులు, సైడింగ్, ఆ తర్వాతే లోపల పని, సెప్టెంబర్ అక్టోబర్ దాకా పోతుంది. వానలు వచ్చేలోపు రూఫ్ కానిచ్చేద్దాం అని మీ ఆయనకి అనిపించొచ్చు, వద్దను, చిమ్నీ ఎక్కడో ఏసీ ఎటో తేలకుండా రూఫ్ వేస్తే మళ్ళీ కోసుకోవాల్సి వస్తుంది. మీరు జూన్‌లోనే వెళ్ళండి, అదే స్కూల్ పరిధిలో నాలుగు నెలలకి చిన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, అడ్మిషన్‌కి ఏ అడ్రస్ కాగితాలు కావాలో స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుని ముందే అడుగు. రూఫ్ లాంటి మొరటు పనంతా నువ్వు దూరంగా ఉన్నప్పుడు జరిగిపోతుంది, కంటితో చూసి ఎంచుకోవాల్సిన లోపలి పని సమయానికి నువ్వు పది నిమిషాల దూరంలో ఉంటావు, నాకు ఆ అవకాశం లేకపోయింది, నీకుంది.

ఈ శనివారం మీ అన్నయ్యని ఒక్క గంట అడుగు. ఒక అయస్కాంతం, స్క్రూడ్రైవర్, టార్చ్ తీసుకుని వెళ్ళమను. బాయిలర్ దగ్గర గొట్టాలకి అయస్కాంతం పెట్టి ఒక ఫోటో, మెయిన్ ప్యానెల్ తలుపు తీసి ఒక ఫోటో, బయట దూలాల చివర్లు ఒక్కొక్కటీ, ఏట్రియం కాలువ మూత ఎత్తి లోపల ఒకటి, ఏదైనా అలమారాలో ఫ్లోరింగ్ మూల లేచి ఉంటే కింద ఏముందో ముట్టుకోకుండా ఒకటి. అవి నాకు పంపు, చూసి ఆర్కిటెక్ట్‌ని మొదట ఏం అడగాలో రాసిస్తాను.